ఇవాళ బళ్లో ఏం జరిగింది?

సెరిబ్రల్ పాల్సీ వల్ల నోట మాట రాని పిల్లల కోసం మాట్లాడే పరికరాలు చాలాకాలంగా ఉన్నాయి. తెరమీద ఒక బొమ్మ నొక్కితే "దాహంగా ఉంది" అంటాయి, ఇంకోటి నొక్కితే "నొప్పిగా ఉంది" అంటాయి. కావలసింది అడగడానికి అవి చాలు, కబుర్లు చెప్పడానికి చాలవు. మనం మామూలుగా నిమిషానికి 150 మాటల దాకా మాట్లాడతాం. ఈ పరికరాలతో 15 దాటడం కష్టం. చేతులు స్వాధీనంలో లేక, తల పక్కన అమర్చిన స్విచ్చి నొక్కుతూ ఒక్కో బొమ్మ దాటుకుంటూ పోయే పిల్లకు అంతకూడా కుదరదు. అందుకే బడి నుంచి రాగానే అమ్మ అడిగే ప్రశ్నలకు అవును, కాదు అన్న జవాబులే వస్తాయి. పైగా టీచరు డైరీలో రాసి పంపింది చదివి అమ్మకు అంతా ముందే తెలిసి ఉంటుంది. తన రోజు గురించి చెప్పడానికి ఆ పిల్లకు కొత్త సంగతి ఒక్కటీ మిగలదు.

స్కాట్లాండులో అబర్డీన్, డండీ విశ్వవిద్యాలయాల పరిశోధకులు సరిగ్గా ఈ లోటు మీదే పనిచేశారు. ఎహుద్ రైటర్, అనలూ వాలర్, రోల్ఫ్ బ్లాక్ తదితరులు కలిసి చేసిన ఆ పని పేరు 'హౌ వజ్ స్కూల్ టుడే'. దాని మీద 2009, 2010లలో వచ్చిన పత్రాలు చిన్నవే. కానీ అందులోని పనితనం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

రైటర్ బృందానికి అంకెల నుంచి వాక్యాలు తీయడం పాత విద్యే. వాతావరణ లెక్కల నుంచి సూచనలు, పసికందుల ఐసీయూలోని మానిటర్ల నుంచి నివేదికలు రాసే ప్రోగ్రాములు వాళ్లు అప్పటికే చేసి ఉన్నారు. ఆ నేర్పునే ఇక్కడ ఒక పిల్ల బడి రోజు మీద పెట్టారు. చక్రాల కుర్చీకి రీడరు బిగించారు, గదులకు ట్యాగులు అంటించారు. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్‌ను గుర్తించే పద్ధతే, కాకపోతే ఇక్కడ ట్యాగు కదలదు, రీడరు కదులుతుంది. మనుషులకూ వస్తువులకూ కార్డులు ఇచ్చారు. టీచర్లు చిన్న మాటేదైనా రికార్డు చేసి పెట్టవచ్చు.

ఇంతవరకూ ఎవరైనా చేయగలరు. సెన్సర్లు ఇచ్చేదంతా రాస్తే "ఈ గదికి వెళ్లాను, ఆ గదికి వెళ్లాను" అన్న హాజరుపట్టీ తయారవుతుంది. దాన్ని కబురుగా మార్చడానికి వాళ్లు వాడుకున్నది బడి టైమ్‌టేబులు. జరగవలసినదానికీ జరిగినదానికీ తేడా ఎక్కడుందో ప్రోగ్రాము వెతుకుతుంది. రోజూ వచ్చే టీచరుకు బదులు ఇంకొకరు వచ్చారా, క్లాసు జరగాల్సిన వేళ పిల్ల వేరేచోట ఉందా అని చూస్తుంది. అలాంటివాటిని ముందుకు తెస్తుంది. మనమైనా ఇంటికొచ్చి రోజూ ఉండే లెక్కల క్లాసు గురించి చెప్పం కదా, మాస్టారు రాలేదనే చెబుతాం.

అయినా నా దృష్టిలో అసలు పనితనం ఆ తర్వాతి మెట్టులో ఉంది. అమెరికా భాషావేత్త విలియం లబోవ్ 1960ల నుంచీ చెప్పిన సంగతి ఒకటుంది: జరిగింది వరసగా చెప్పినంత మాత్రాన కథ కాదు, చెప్పేవాళ్లకు అది ఎలా అనిపించిందో కూడా అందులో ఉండాలి. యంత్రానికి అది తెలిసే వీల్లేదు. అందుకని ఊహించి రాయడానికి పూనుకోలేదు, ఆ చోటు పిల్లకే వదిలారు. ఒక్కో సంఘటన పక్కన నచ్చిందనో నచ్చలేదనో పిల్లే చేర్చుకుంటుంది. చెప్పడం ఇష్టం లేనిదాన్ని దాచేయవచ్చు కూడా. ఆ దాచే ఏర్పాటు నాకు మరీ నచ్చింది. ఒంటికి నీళ్లు పోయడం దగ్గర్నుంచి ప్రతిదానికీ పెద్దల మీద ఆధారపడే పిల్లకు, అమ్మకు చెప్పకుండా ఉంచుకునే ఓ చిన్న సంగతి దక్కింది. తయారైన కథను కూడా పరికరం ఒక్క ఊపున చదివేయదు. ఒక్కో వాక్యం పిల్ల నొక్కినప్పుడే వస్తుంది కాబట్టి మధ్యలో వినేవాళ్లు "అయ్యో, తర్వాత?" అనడానికి సందు ఉంటుంది.

వాలర్, బ్లాక్ అంతకుముందు ఇలాంటి పిల్లలు తామే శ్లేషలతో జోకులు తయారుచేసుకునే స్టాండప్ అనే ప్రోగ్రాము పనిలో కూడా పాలుపంచుకున్నారు. అవసరాలు అడగడం దాటి మాట్లాడే హక్కు ఈ పిల్లలకుందని పట్టుబట్టిన మనుషులు వాళ్లు.

లోపాలు లేవని కాదు. ట్యాగు గానీ టీచరు రికార్డు చేసిన మాట గానీ లేని సంగతి కథలోకి రాదు. పక్క పిల్లాడితో కీచులాట, కిటికీలోంచి చూసిన వాన రీడరుకు ఎలా అందుతాయి? పిల్ల చేర్చే మెచ్చుకోళ్లూ విసుగులూ కూడా పెద్దలు ముందుగా అమర్చిన మాటల్లోంచే రావాలి.

తెలుగులో ఇలాంటిది చేయడానికి ఒక పనిముట్టు ఇప్పటికే ఉంది. పదాలనూ వాటి సంబంధాలనూ ఇస్తే వ్యాకరణం తప్పకుండా తెలుగు వాక్యం కూర్చే ప్రోగ్రామును రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిశోధకులు, అప్పట్లో అబర్డీన్‌లో పనిచేస్తున్న శ్రీపాద సోమయాజులుతో కలిసి 2015లో ప్రకటించారు. రైటర్ బృందం ఇంగ్లీషుకు చేసిన సింపుల్ ఎన్‌ఎల్‌జీ దారిలోనే దాన్ని కట్టారు. అయితే ఇంగ్లీషు బడిలో కార్డు మీద మనిషి పేరుంటే దాదాపు సరిపోతుంది. మన దగ్గర సరిపోదు. మాస్టారు వచ్చారు, రవి వచ్చాడు, లత వచ్చింది అనాలి కాబట్టి ఆ మనిషి పిల్లకు ఏమవుతారో, వాళ్లను ఆ పిల్ల ఏమని పిలుస్తుందో కూడా కార్డులో ఉండాలి. ఆయమ్మను ఆయమ్మ అనే చెప్పాలి తప్ప హాజరుపట్టీలోని పేరుతో చెబితే ఆ కబురు పిల్ల చెప్పినట్టు ఉండదు.