పన్నెండు మెట్లు – సంఘ కాపరి: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏ.ఏ.) కూటాలకు మన సంఘస్థులను పంపవచ్చునా అన్న ప్రశ్న పాస్టర్ల సమావేశాల్లో తరచు వస్తుంది. సాధారణంగా వినబడే జవాబు ఒకటే: వారి పన్నెండు మెట్లలో క్రీస్తు నామం లేదు, ఎవరికి తోచిన దేవుణ్ణి వారు పెట్టుకోవచ్చు, కనుక అది మనకు తగదు. దాదాపు ఇరవై సంవత్సరాల క్రితం నేనూ ఇదే చెప్పాను. మా సంఘంలోని ఒక సహోదరుడు ఎవరి ద్వారానో ఆ కూటం సంగతి విని, “అయ్యగారూ, వెళ్లమంటారా?” అని అడిగాడు. వద్దన్నాను, ఉపవాస ప్రార్థనకు రమ్మన్నాను. వచ్చాడు. మూడుసార్లు విడుదల పొందానని సాక్ష్యం చెప్పాడు, మూడుసార్లూ మళ్లీ పడిపోయాడు. ఆ తర్వాత సిగ్గుపడి మందిరానికే రావడం మానుకున్నాడు. చివరికి కాలేయం చెడి చనిపోయాడు. అప్పటికి నేను ఏ.ఏ. వారి మూల గ్రంథం చదవలేదు. మెట్ల పట్టిక మాత్రం ఏదో కరపత్రంలో చూశాను. ఈ వ్యాసం ఆ గ్రంథాన్ని చదివి, వారి ఓపెన్ మీటింగుల్లో వెనుక వరుసలో కూర్చున్న తర్వాత రాస్తున్నది.

1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, డాక్టర్ బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు కలుసుకోవడంతో ఈ సహవాసం మొదలైంది. ఇద్దరూ తాగుడుకు బానిసలే. ఇద్దరికీ అంతకుముందే ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంతో పరిచయముంది. న్యూయార్కులో ఎపిస్కోపల్ గురువు శామ్యూల్ షూమేకర్ బోధ విల్సన్‌ను బలంగా ప్రభావితం చేసింది. ఏక్రన్ తొలి సభ్యులు ఎక్కువగా చదువుకున్నవి కొండమీది ప్రసంగం, 1 కొరింథీ 13, యాకోబు పత్రిక. యాకోబు పేరు తమ సహవాసానికి పెట్టుకోవాలన్న ఆలోచన కూడా వారిలో కలిగింది. అయిదవ మెట్టు పక్కన యాకోబు 5:16 పెట్టి చదివితే బంధుత్వం తెలుస్తుంది. 1939లో గ్రంథం వెలువడడానికి ముందు, దైవవిశ్వాసం లేని సభ్యులు అభ్యంతరం చెప్పినందువల్ల, ఎవరికి అర్థమైన రీతిలో వారు దేవుణ్ణి తలచుకోవచ్చునన్న మాట మెట్లలో చేరింది. నేను దాన్ని దైవశాస్త్ర నిర్వచనంగా తీసుకుని ఖండించాను. నిజానికి అది లోపలికి అడుగుపెట్టలేనివాడి కోసం చేసిన సర్దుబాటు.

అయినా లోపం లేదనను. అక్కడ సిలువ లేదు, క్షమాపణకు ఆధారమేమిటో చెప్పరు. కొత్తవాడు ఆ కూటాన్నే తనకంటె గొప్ప శక్తిగా ఎంచుకున్నా ఒప్పుకుంటారు. తాగుడు మానడమే రక్షణ అని అతడు పొరబడవచ్చు. ఆ పొరపాటు దిద్దవలసిన బాధ్యత మనదే. కూటం తాను సంఘమని ఎన్నడూ చెప్పుకోలేదు.

మన విమర్శకులు ముట్టని లోపం మరొకటి ఉంది, నా దృష్టికి అదే పెద్దది. గ్రంథంలోని ఎనిమిదవ అధ్యాయం భార్యలనుద్దేశించినది, భార్యల గొంతుతోనే సాగుతుంది. రాసినది మాత్రం విల్సనే. ఆయన భార్య లోయిస్ తానే రాయాలని ఆశించినా అవకాశం రాలేదు, అందుకు ఆమె నొచ్చుకుంది. ఆ అధ్యాయం భార్యకు ముఖ్యంగా నేర్పేది ఓర్పు, కోపం అణచుకోవడం. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా అంగడిని మూయించిన స్త్రీలు ఓర్చుకుని ఉంటే 1995 నాటి మద్యనిషేధం వచ్చేదా? (1997లో దాన్ని సడలించిన సంగతి వేరు.) దెబ్బలు తినే స్త్రీకి ఆ అధ్యాయాన్ని సలహాగా ఇవ్వకూడదు. మనం ప్రసంగాల్లో ఇచ్చే సలహా దానికంటె మెరుగా అంటే, జవాబు చెప్పడం కష్టమే. 1951లో లోయిస్ పాలుపంచుకుని స్థాపించిన ఆల్-అనాన్ కుటుంబ సభ్యుల కోసమే. భర్తను కూటానికి పంపే కాపరి, భార్యకు భద్రత ఉందో లేదో ముందుగా విచారించాలి.

ఇక కూటం దగ్గర మనం నేర్చుకోవలసినది ఒప్పుకోలు. మన సాక్ష్యం విజయంతో ముగియాలి. మళ్లీ పడినవాడికి రెండో సాక్ష్యానికి చోటుండదు. అక్కడ నిన్న తాగినవాడు ఈ రోజు లేచి ఆ సంగతి చెబుతాడు, ఎవరూ ముక్కున వేలేసుకోరు. మనం జక్కయ్య చెట్టు దిగడం మీద గంటసేపు ప్రసంగిస్తాం, నాలుగంతలు తిరిగి చెల్లించడం మీద రెండు నిమిషాలు. ఎనిమిది, తొమ్మిది మెట్లు ఆ రెండు నిమిషాల దగ్గరే ఆగి, ఎవరికి అన్యాయం చేశావో పేర్లు రాసుకొమ్మంటాయి. ఫలితం విషయానికొస్తే, 2020లో 27 అధ్యయనాలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష, పద్ధతి ప్రకారం ఏ.ఏ.తో జోడించే చికిత్స ఇతర మానసిక చికిత్సల కంటె ఎక్కువమందిని పూర్తిగా మద్యానికి దూరంగా నిలిపిందని చెప్పింది.

సెమినరీ విద్యార్థులకు ఆచరణలో కొన్ని మాటలు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాణ్ణి ఒక్కసారిగా మానమని ప్రార్థన గదిలో కూర్చోబెట్టకండి. మూర్ఛలు, మతిభ్రమణం వచ్చి ప్రాణం పోవచ్చు. ముందు వైద్యుడు, తర్వాత కూటం. కూటం ఎక్కడుందో ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్యుణ్ణి అడగండి. మత్తు విడుదలకు జాతీయ సహాయ నంబరు 14446 కూడా ఉంది. సభ్యత్వానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే చాలు, రుసుము లేదు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవారికే. ఓపెన్ మీటింగుకు మీరూ తోడు వెళ్లవచ్చు. మొదటిసారి గుమ్మం దాటడమే అతనికి కష్టం, కనుక వెళ్లండి. బైబిలు తెరవకండి, ప్రార్థన నడిపిస్తానని లేవకండి. అక్కడ విన్న పేరు, విన్న మాట ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా కూడా రాకూడదు. వారు మీ సంఘ హాలు అడిగితే ఇచ్చి, వారిచ్చే అద్దె కాదనకుండా తీసుకోండి. బయటివారి సొమ్ముపై ఆధారపడకూడదన్నది వారి నియమం.

ఒక చిన్న సంగతి మిగిలింది. ప్రభువు బల్లలో మీ సంఘం పులిసిన ద్రాక్షారసం వాడుతుంటే, మానేసి రెండు నెలలైన మనిషి ఆ వాసనకు భయపడి బల్లకు దూరంగా ఉండిపోవచ్చు. కారణం తెలియక అతణ్ణి మందలించిన పెద్దలను చూశాను. పులియని రసం ఒక గిన్నెలో పెట్టి ఉంచమని మీ సంఘ పెద్దలకు శనివారమే చెప్పండి.