పెరటి చూపు, కవిసమయం: వాతావరణ మార్పు నేపథ్యంలో తెలుగు ఋతువర్ణన

తెలుగులో ప్రకృతి కవిత్వాన్ని గురించి వచ్చిన విమర్శ చాలావరకు అనుభూతి చుట్టూ తిరిగింది. కవి ప్రకృతితో ఎంతగా తాదాత్మ్యం చెందాడు, అందులో తన విషాదాన్ని ఎట్లా చూసుకున్నాడు అన్నవి భావకవిత్వ చర్చలో స్థిరపడిన ప్రశ్నలు. పర్యావరణ దృష్టి ప్రవేశించిన తరువాత వీటికి ఆవేదన తోడైంది. కవి చెట్టు కోసం, చెరువు కోసం ఎంతగా బాధపడ్డాడన్నది కొలమానమైంది. ఈ రెండు దశలలోనూ ఒక ప్రాథమిక ప్రశ్న వెనుకబడింది: కవి ఆ చెట్టును చూశాడా? ఋతువులు గతి తప్పుతున్న కాలంలో ఈ ప్రశ్నకు కొత్త ప్రాముఖ్యం వచ్చింది. ఋతువు ఎట్లా వస్తుందో ముందే నిర్ణయించుకున్న కవిత్వం, అది మారిన సంగతిని గుర్తించలేదు.

అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణన, ఉద్యానవర్ణన రెండూ ఉన్నాయి. ప్రబంధకవికి వసంతమంటే మామిడి, కోకిల, తుమ్మెద, మలయమారుతం. ఇది కవిసమయమనీ, దానిని వృక్షశాస్త్రంతో కొలవరాదనీ ఒక వాదం ఉంది. అది కొంతవరకు సమంజసమే. అయితే తెలుగువారి పెరడే ఈ కవిసమయానికి చిరకాలంగా ఎదురుసాక్ష్యం చెబుతున్నది. చైత్ర శుద్ధ పాడ్యమి నాటి పచ్చడిలో పడేది పుల్లని మామిడికాయ ముక్క. తెలుగు జిల్లాలలో మామిడి సాధారణంగా పుష్య మాఘాలలో పూస్తుంది. ఉగాది నాటికి పిందె దాటి కాయ అవుతుంది. ఉత్తరాదిన పూత ఇంతకంటే ఆలస్యం. సంస్కృత కావ్యం వెంట వచ్చిన ఆనవాలు ఇక్కడి చెట్టుకు సరిగా అతకలేదు. అదే పచ్చడిలోని వేపపువ్వు మాత్రం నిజంగా ఆ రోజులదే. కావ్యం మామిడిపూతను వసంతానికి గుర్తుగా పెట్టుకుంటే వంటిల్లు వేపపూతను పెట్టుకున్నది. వంటింటివారు పెరట్లోకి వెళ్లి చూశారు మరి!

అయితే ఈ ఏడు ఉగాదికి వేప పూయలేదన్న ఒక్క ఆధారంతో ఋతువు మారిందని తీర్మానించడానికి వీలులేదు. ఉగాది చాంద్రమానాన్ని అనుసరిస్తుంది. 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. చెట్టు రెండేళ్లూ ఒకే తేదీన పూసినా పండుగకూ పూతకూ మధ్య దూరం 18 రోజులు మారుతుంది. పైగా ఒక పెరడు ఒక ఏడాదిలో చూపేది ఆ ఏటి వాతావరణాన్ని; శీతోష్ణస్థితిని నిర్ణయించడానికి సాధారణంగా 30 ఏళ్ల సగటును ప్రమాణంగా తీసుకుంటారు. 'వాతావరణ మార్పు' అన్న వాడుక ఈ రెండింటినీ ఒకే మాటలో కలిపివేసింది. పాఠ్యపుస్తకాలలోని 'శీతోష్ణస్థితి' వ్యవహారంలో నిలిచి ఉంటే ఈ గందరగోళం తగ్గేది.

చాంద్రమాసం మీద ఆధారపడితే సేద్యం సాగదని రైతుకు తెలుసు. అందుకే సూర్యగతిని అనుసరించే కార్తెలను అతడు ఆధారం చేసుకున్నాడు. మృగశిర కార్తె ఏటా జూన్ మొదటి పక్షంలో, దాదాపు ఒకే తేదీకి వస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెతలో అతిశయోక్తి ఉన్నా, ఆ ఎండను కట్టిపెట్టిన గుంజ మాత్రం కదలనిది. ప్రబంధాల పక్కన కార్తె సామెతలను ఉంచి చదివిన అధ్యయనాలు అరుదు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు సా.శ. 812 నుంచి, మధ్యమధ్య ఖాళీలతోనైనా, దినచర్యలలోనూ చరిత్ర గ్రంథాలలోనూ దొరుకుతున్నాయి. 2021 మార్చి 26న వచ్చిన నిండుపూత అప్పటివరకు ఆ సుదీర్ఘ క్రమంలోకెల్లా ముందు వచ్చినదని చెప్పగలగడానికి ఆ రాతలే ఆధారం. పూలవేడుకకు వెళ్లినవారు తేదీ కూడా వేసుకున్నారు. మన వసంతోత్సవ వర్ణనలలో అంతటి ఆధారం లేదు.

చూపు లేదని మాత్రం అనరాదు. ఆముక్తమాల్యదలోని విలిబుత్తూరు వర్ణన ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. వేకువన కాలువ ఒడ్డున బాతులు తలలను రెక్కలలో దూర్చుకొని నిద్రిస్తుంటాయి. స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు పిండి పెట్టి మరచిపోయిన బట్టలని కావలివారు భ్రమపడతారు. తిరిగి ఇద్దామని వారు సమీపించగానే అవి లేచి పరుగుతీస్తాయి. పైరు కాపున్న స్త్రీలు నవ్వుతారు. వ్యాఖ్యాతలు దీనిని భ్రాంతిమదలంకారంగా గుర్తించి అక్కడితో ఆగారు. కానీ పద్యంలోని హాస్యమంతా నిద్రించే బాతు ఆకృతి మీద నిలిచి ఉంది. దానిని దగ్గరగా, అలికిడి చేయకుండా చూసినవాడే ఆ పోలికను ఊహించగలడు. దూరం నుంచి చూసి పొరబడినవారే పద్యంలో నవ్వులపాలవుతారు. వానరోజులలో కాస్త నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే గృహిణిని చిత్రించిన వర్షర్తు వర్ణనకూ ఈ గుణమే ప్రాణం. అదే కావ్యంలో కవిసమయాలూ పుష్కలంగా ఉన్నాయి. రెండూ ఒకే కలం నుంచి వచ్చాయి కనుక ఈ భేదాన్ని ప్రాచీన, ఆధునిక భేదంగా భావించరాదు.

తోటను గురించిన ఆధునిక కవిత అనగానే కరుణశ్రీ 'పుష్పవిలాపం' గుర్తుకు వస్తుంది. ఘంటసాల గళంలో అది ఇంటింటికీ చేరింది. పూజకు పూలు కోయబోయిన కవిని పూలు నిలదీస్తాయి. ఋతువు ప్రసక్తి అక్కడ గౌణం. పువ్వు మాట్లాడేది మనిషి భాష. ఈ కారణంతో దానిని కేవలం కరుణరస ఖండికగా చూడడం పరిపాటి. అయితే పూలు తమ పక్షాన చెప్పుకున్న వాదాన్ని గమనించాలి. తీగతల్లి ఒడి, గాలికి ఇచ్చే పరిమళం, ఆశ్రయించిన తుమ్మెదలకు పెట్టే తేనెవిందు ఆ వాదంలోని ఆధారాలు. పువ్వు తన ప్రాణానికి విలువను తన సంబంధాలలో చూపింది. పూతకాలమూ, పరాగాన్ని చేరవేసే కీటకాల రాకపోకలూ ఒకదానికొకటి ఎడమవుతాయేమోనన్న నేటి ఆందోళన కూడా ఈ సంబంధాలను గురించినదే. ఈ ఖండికలోని నేరం కోసిన చేతిది. ఋతువునే కదిలించే నేరానికి అటువంటి ఒక్క చేయి కనిపించదు. ఈ ఖండిక నైతికశక్తికి ఉన్న పరిమితి అదే.

కాకినాడలో తత్త్వశాస్త్రం బోధించిన ఇస్మాయిల్ సంపుటాల పేర్లే ఆయన దృష్టిని తెలుపుతాయి: 'చెట్టు నా ఆదర్శం', 'చిలకలు వాలిన చెట్టు', 'రాత్రి వచ్చిన రహస్యపు వాన', 'కప్పల నిశ్శబ్దం'. చివరిది 1997 నాటి హైకూ సంపుటి. ఆ పేరును శీతోష్ణస్థితి హెచ్చరికగా చదవడం కాలవ్యతిక్రమ దోషమవుతుంది. అయినా తొలకరి రాత్రి పెరటి నీటిగుంటలో కప్పల అరుపు వినబడక ఎదురుచూసే పాఠకుడికి ఆ పేరు మునుపటిలా వినిపించదు. జపాన్ హైకూలో కప్ప వసంతానికి చెందిన ఋతుపదం. తెలుగునాట అది వానది: వానలు లేనప్పుడు కప్పను రోకలికి కట్టి, ఇంటింటా నీళ్లు పోయించే కప్పతల్లి ఆచారం ఇందుకు సాక్ష్యం. తెలుగు హైకూ క్లుప్తతను, క్షణాన్ని స్వీకరించినంతగా ఋతుపదాన్ని స్వీకరించలేదు. అటువంటి పదకోశాన్ని ఎవరైనా కూర్చదలిస్తే, కప్పను ఏ కార్తె కింద చేర్చాలో తేల్చుకోవడానికి ప్రబంధాలకంటే కప్పతల్లి పాటలే ముందు తిరగవేయవలసి ఉంటుంది.