పన్నెండు మెట్ల తోడు

కట్టంగూర్‌లో హైవే పక్కన టీ కొట్టు ముందు, సాయంత్రం నాలుగింటికి, మా ఆర్కెస్ట్రా వ్యాను ఆగేది. గిటారు ఒళ్లో పెట్టుకుని ఒకనాడు నకిరేకల్, ఇంకోనాడు సూర్యాపేట. స్టేజీ ఎక్కబోతుంటే గాయకుడు దగ్గరికొచ్చి మెల్లగా అనేవాడు: "అన్నా, ఇయ్యాల గొంతు పట్టింది. అర శ్రుతి దించుదాం." నేను గిటారు మెడకు బిగించిన కాపోను ఒక మెట్టు వెనక్కి జరిపేవాణ్ని. వినేవాళ్లకు ఆ సంగతి తెలియదు, పాట బాగుందంటారు. తోడు వాయించేవాడి పని అదే. పాడేవాడి గొంతు ఎక్కడుందో చూసి, తన తీగను అక్కడికి తెచ్చుకోవాలి.

ఫ్రెట్‌ను మెట్టు అనడం నాకు కిన్నెర వల్ల అబ్బింది. పాలమూరు దర్శనం మొగులయ్యది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, అతికించడానికి తేనెమైనం. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. ఊరూరా తిరిగి పండుగ సాయన్న కథ పాడిన డక్కలి కళాకారుడు. పాటా ఆయనదే, తోడూ ఆయనదే. మాట ఆగగానే తీగ అందుకుంటుంది. ఆయన్ను వింటూ నేను చెయ్యి ఆపడం నేర్చుకున్నాను. చరణంలో గాయకుడు ఊపిరి తీసుకునే చోట నాలుగు స్వరాలు మీటి, వెంటనే అరచేతి అంచు తీగలకు ఆనించేవాణ్ని.

2021లో సంగీత దర్శకుడు తమన్ 'భీమ్లా నాయక్' సినిమా టైటిల్ పాటకు మొగులయ్యను పిలిచారు. ఆ పాట మొదలయ్యేదే ఆయన గొంతుతో. 2022లో పద్మశ్రీ. 2024లో ఆయన కూలి పనిలో ఉన్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. రికార్డింగు ఒక్క పూట పని. ఊళ్లు తిరిగే వాద్యకారుడికి పిలుపే కూడు. బిరుదు ఒకసారి వస్తుంది. పిలుపు ముహూర్తం ముహూర్తానికీ రావాలి.

డీజే బాక్సులు వచ్చాక మా వ్యాను ఆగడం తగ్గింది. ఈ మాఘంలో మీ ఇంట పెళ్లుంటే, ఒక్క గంటకైనా తీగ మీద చెయ్యి ఆడే మనిషిని పిలవండి. కిన్నెరైనా సరే, గిటారైనా సరే. ముందు వరుసలో కూర్చుని వినండి. బేరమాడకుండా ఇచ్చి, అన్నం పెట్టి పంపండి.