మంచం కింద ఇద్దరు

మధురవాణి ఇంట్లో ఒక మంచం ఉంది. కన్యాశుల్కం మొదటి అంకంలో రెండో రంగం ఆ మంచం చుట్టూనే నడుస్తుంది. రామప్పంతులు ఆమెను తన ఊరికి తీసుకుపోయే ప్రయత్నంలో వచ్చి కూర్చున్నాడు. తలుపు చప్పుడవుతుంది. వచ్చింది గిరీశం, అప్పటిదాకా ఆమెను ఉంచుకున్నవాడు. పంతులు మంచం కింద దూరతాడు. గిరీశం లోపలికొచ్చి దర్జా వెలగబెడుతుండగా ఇంకో మనిషి వచ్చి పడుతుంది. ఈసారి పూటకూళ్లమ్మ, చీపురుకట్టతో. గిరీశానికీ ఆ మంచం కిందే దిక్కు. దెబ్బ పడాల్సింది గిరీశం మీద, పడింది పంతులు మీద. గిరీశం మెల్లగా జారుకుంటాడు.

నాటకం అంటే ఏమిటి, కథకీ దానికీ తేడా ఎక్కడ అని అడిగే కొత్తవాళ్లకి ఈ ఒక్క రంగం ఆడించి చూపిస్తే చాలని నా నమ్మకం. చదివి వినిపిస్తే సగమే తెలుస్తుంది. కాగితం మీద మాట్లాడని మనిషి లేనట్టే లెక్క. నాలుగు మాటలు గడిచేసరికి మంచం కింద ఒకాయన ఉన్నాడన్న సంగతే మరిచిపోతాం. రంగస్థలం మీద అలా మరిచిపోవడం కుదరదు. గిరీశం పైన ఎన్ని కబుర్లు చెప్పినా ప్రేక్షకుల చూపు కిందికే జారుతుంది. నోరు మూసుకుని నక్కి ఉన్న పంతులు ఆ కాసేపూ రంగాన్ని తన చేతిలో పెట్టుకుంటాడు. గురజాడ అప్పారావు మాటలతో పాటు ఎవరు ఎక్కడ ఉండాలో, ఎవరి నోరు ఎప్పుడు మూతపడాలో కూడా రాశారు.

ఈ రంగంలో ఎవరికి ఏం తెలుసో గమనించండి. పంతులు అన్నీ వింటాడు, ఏమీ చూడలేడు. పూటకూళ్లమ్మ వెతికే మనిషి ఒక్కడే. కింద ఇద్దరున్నారని ఆమెకి తెలియదు. మధురవాణికి అన్నీ తెలుసు. హాల్లో కూర్చున్న మనకీ అన్నీ తెలుసు. కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ ఈ తెలిసినతనం వాటాలు మారతాయి. మనకి నవ్వొచ్చేది ఆ వాటాలు మారేచోటే. విడిగా తీసి చెప్పుకుంటే పెద్దగా నవ్వు రాని మాట కూడా, వినకూడని చెవి మంచం కింద ఉందని తెలిసినప్పుడు హాలంతా గొల్లుమంటుంది. నాటక రచనలో నేర్చుకోవాల్సిన మొదటి పాఠం నాకు తెలిసినంతలో ఇదే. ఎవరి చేత ఏం చెప్పించాలన్నది తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది ఎవరికి ఏం తెలియకూడదన్నది.

మనుషుల్ని దాచి నవ్వించడం ప్రపంచంలో పాత విద్యే. ఫ్రాన్సులో మోలియేర్ 1664 నాటి టార్టూఫ్‌లో ఇంటి యజమానిని బల్ల కింద దాచాడు. ఇంగ్లండులో షెరిడన్ 1777లో స్కూల్ ఫర్ స్కాండల్‌లో ఒకరి భార్యను అడ్డుతెర వెనక నిలబెట్టాడు. అక్కడ దాక్కున్నవాళ్లు వినకూడనిది విని నిజం తెలుసుకుంటారు, కథ అక్కడ మలుపు తిరుగుతుంది. మన మంచం కింద దూరిన ఇద్దరూ నేర్చుకునేది ఏమీ లేదు. ఒకే చాటు కోసం ఇద్దరు పోటీదారులు ఇరుక్కోవడం, ఒకడి తప్పుకి ఇంకొకడు తన్నులు తినడం, తప్పు చేసినవాడు బయటపడడం. రాబోయే ఆరు అంకాల తీరు ఆ మంచం కింద ముందే కనిపిస్తుంది. మొదటిసారి చూసేవాళ్లకి అది ప్రహసనం. రెండోసారి చూసేవాళ్లకి ఊరి సంగతంతా అందులో ఉంటుంది.

ఈ రంగం ఆడేవాళ్లకి ఒక చిన్న చిక్కు ఉంది. మంచం ఎత్తు తక్కువైతే కిందున్నవాళ్ల మొహాలు వెనక వరసలకి కనబడవు. దుప్పటి అంచు ముందుకి వేలాడితే పంతులు పాత్రధారి పడే పాట్లు ఎవరికీ కనబడకుండా పోతాయి. ఎత్తు మరీ ఎక్కువైతే పైనున్నవాళ్లకి కనబడకపోవడం ఏమిటన్న అనుమానం ప్రేక్షకుడికి వస్తుంది. నటుడు పడుకునే తీరు కూడా ముఖ్యమే: మొహం జనం వైపు, వీపు గిరీశం వైపు. మంచి దర్శకుడు రిహార్సల్ మొదటిరోజే ఆ మంచం తెప్పిస్తాడు. ఆఖరిరోజు తెచ్చిన మంచం మీద ఈ రంగం ఆడదు.

ఇంకో అడుగు వెనక్కి వేస్తే మొదటి రంగం, బొంకుల దిబ్బ. తెర లేవగానే గిరీశం ఒక్కడే ఉంటాడు, తనలో తాను మాట్లాడుకుంటాడు. పూటకూళ్లమ్మతో వ్యవహారం బయటపడింది, ఊళ్లో ఇక నిలవడం కష్టం అన్న సంగతి మనకి అలా తెలుస్తుంది. స్వగతం పాత ఉపాయమే. గురజాడ దాన్ని వాడిన చోటు మాత్రం చూడాల్సింది. మనిషి నిజం మనకి ముందు చెప్పేసి, ఆ వెంటనే అతణ్ణి ఇంకొకరి ఎదుట నిలబెట్టారు. అతని శిష్యుడు వెంకటేశం వస్తాడు. ఒక్క నిమిషం కింద విన్న నిజం చెవిలో ఉండగానే గిరీశం అబద్ధం ఎంత అందంగా ఆడతాడో వింటాం. క్రమం తిరగేసి, అబద్ధం ముందూ నిజం తర్వాతా పెట్టి ఉంటే గిరీశం మనల్ని కూడా మోసం చేసిన మోసగాడయ్యేవాడు, మనకి కోపం వచ్చేది. ఇప్పుడు అతని గుట్టులో మనకీ వాటా ఉంది. అందుకే ఇన్నేళ్లయినా అతణ్ణి అసహ్యించుకోవడం మనవల్ల కాదు.

ఆ కాలానికి ఇలా వచనంలో నాటకం రాయడం ఎంత సాహసమో చెప్పాలి. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. పద్యానికి, రాగానికి జనం చెవులు అలవాటు పడుతున్న రోజులవి. పద్యనాటకంలో కథ నీరసించిన చోట గాయకుడైన నటుడు రాగం అందుకుంటే జనం వన్స్ మోర్ అంటారు, లోపం కప్పబడిపోతుంది. వచనంలో రాసినవాడికి ఆ ఆసరా లేదు. రంగం కట్టుబాటే రంగాన్ని మోయాలి. తెలుగువాళ్లకి చదివే అలవాటు లేదు కాబట్టే చెప్పదలచింది నాటకంగా చెప్పానని తొలి ముద్రణ పీఠికలో ఆయనే రాసుకున్నారు. చదవని జనం కోసం రాసినవాడు కాబట్టి కంటికి కనబడే వస్తువుల మీద కథ నడిపారు: మంచం, చీపురు, దొంగ ఉత్తరం, కంటె. మధురవాణి కంటె మాయపెళ్లికూతురి మెడలోకి వెళుతుంది. దాన్ని తెచ్చి ఇమ్మని ఆమె రామప్పంతుల్ని ఆడించిన ఆట చూస్తే, ఒక్క నగతో ఎన్ని రంగాలకి ఊపిరి పోయవచ్చో తెలుస్తుంది.

మాయపెళ్లికూతురు అన్నాను. అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇచ్చి డబ్బు పుచ్చుకోవాలన్నది ఆ తండ్రి పట్టు. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, గుంటూరు శాస్త్రులుగా తాను వేషం మార్చుకుని, ఆ శిష్యుణ్ణే తక్కువ ధరకి ముసలాయనకి అంటగడతాడు. కథంతా సుబ్బి పెళ్లి గురించే, రంగస్థలం మీద సుబ్బికి దాదాపు పనే లేదు. ఆ ఎంపిక నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. నిజంగా చిన్నపిల్లను తెచ్చి ముసలాయన పక్కన కూర్చోబెడితే జనం కన్నీళ్లు పెట్టుకుంటారు, బేరం సంగతి వెనకబడిపోతుంది. పిల్ల స్థానంలో పిల్లవాణ్ణి పెట్టేసరికి నవ్వుతూనే ఆ బేరాన్ని అణా పైసలతో సహా చూస్తాం. పైగా ఆనాటి రంగస్థలం మీద ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే వేసేవారు. చీర కట్టిన మగవాణ్ణి ఆడదనుకోవడం ప్రేక్షకుడికి అలవాటు. ఈ నాటకంలో మాత్రం చీర కట్టిన మగవాడు కథలోనూ మగవాడే. ఆట నియమాన్నే ఆయన కథలోకి లాగారు.

1909లో నాటకాన్ని తిరగరాసి ఏడంకాలకి పెంచారు. ఆ పెంపకంలో బాగా ఎదిగింది మధురవాణి. నాటకం మొత్తం మీద ప్రేక్షకుడికి తెలిసినదంతా దాదాపుగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్లందరికీ తలో ముక్క తెలుసు, తెలియని ముక్క దగ్గర బోల్తా పడతారు. ఆమె మాత్రం అవతలివాడికి ఏం తెలియదో కనిపెట్టి మాట్లాడుతుంది. మధురవాణి వేసేవాళ్లు అందచందాల మీదా వగల మీదా పెట్టే శ్రద్ధలో సగం వినడం మీద పెడితే బాగుంటుంది. ఎదుటివాడు మాట్లాడుతుండగా ఆమె ఏం వింటోందన్నదే ఆ పాత్రకి ప్రాణం.

నాటకం అంతా ఇంత బిగువుగా ఉందని అనను. సారా దుకాణం రంగం దగ్గర నడక మందగిస్తుంది. మొత్తం ఆడాలంటే ఒక రాత్రికి మించిన పని కాబట్టి దర్శకులు కత్తిరించే ఆడుతూ వచ్చారు. జె.వి. రమణమూర్తి గిరీశంగా, జె.వి. సోమయాజులు రామప్పంతులుగా దీన్ని ఎన్నో ఊళ్లకి తీసుకెళ్లారు. 1955లో పి. పుల్లయ్య సినిమా తీసినప్పుడు ఎన్టీ రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. సినిమాలో కెమెరా ఎవరి మొహం చూపిస్తే అదే చూడాలి. మంచం పైనా కిందా ఒకేసారి చూసి ఏది చూడాలో మనమే ఎంచుకునే సుఖం రంగస్థలం దగ్గరే దొరుకుతుంది.

ఇక ఏడో అంకం, విశాఖపట్నం. శిష్యుడు చీర విప్పేసి మాయమయ్యాడు కాబట్టి లుబ్ధావధాన్లు మీద పెళ్లాన్ని చంపాడన్న అభియోగం పడింది. ఆయన్ని కాపాడాలని చూస్తున్న వకీలు సౌజన్యారావు పంతులు. చదువుకున్నవాడు, ధర్మాత్ముడు, సానుల మొహం చూడనని పట్టుదల ఉన్నవాడు. అందుకే సాని అయిన మధురవాణి ఆయన దగ్గరికి మగవేషంలో వస్తుంది. మంచం దగ్గర వాడిన పనిముట్టే ఇక్కడా: ఒకరికి తెలియదు, ఇంకొకరికి తెలుసు, మనకి తెలుసు. తేడా ఏమిటంటే ఇప్పుడు ఏమీ తెలియనివాడు అందరికంటే మంచివాడు. చచ్చిందనుకుంటున్న పెళ్లికూతురు ఆడదే కాదన్న రహస్యం ఆయనకి గిట్టనివాళ్ల చేతిలో ఉంది. దానికి ఆమె అడిగే వెల ముద్దు. చీపురు దెబ్బకి నవ్విన జనం ఇక్కడ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

గిరీశం గుట్టూ అక్కడే బయటపడుతుంది. అతనితో లేచిపోయి వచ్చిన బుచ్చమ్మను, సుబ్బి అక్కను, విధవను, పూనాలోని విధవల శరణాలయానికి పంపుతారు. చివరి మాట మాత్రం సౌజన్యారావుకీ మధురవాణికీ ఇవ్వకుండా గురజాడ గిరీశానికే ఇచ్చారు. ఆ మాటలో పశ్చాత్తాపం లేదు, లెక్క తప్పిందన్న చిరాకు ఉంది. కొందరు నటులు దాన్ని కుమిలిపోతూ అంటారు. నాకది నచ్చదు. ఇంకో ఊళ్లో ఇంకో వెంకటేశాన్ని వెతుక్కోబోయేవాడు అన్నట్టు అనాలి, అన్న వెంటనే తెర పడాలి.