మనుషులు లేని తోట
‘ది బ్లూ లగూన్’ నవలలో నిర్దోషత్వము: ఒక దైవశాస్త్ర పరిశీలన

ఐర్లండులో పుట్టిన హెన్రీ డి వీర్ స్టాక్‌పూల్ (1863–1951) వ్రాసిన ‘ది బ్లూ లగూన్’ నవల 1908లో వెలువడింది. 1980లో వచ్చిన హాలీవుడ్ చలనచిత్రము ద్వారా ఈ కథ ఎక్కువమందికి తెలుసు గాని, మూలగ్రంథాన్ని చదివినవారు తక్కువ. వైజ్ఞానిక దృష్టితో చూస్తే ఇది గొప్ప నవల కాదు. అయినా వేదాంత విద్యార్థులు దీనిని చదవవలసిన కారణము ఒకటున్నది. మానవ సమాజానికి దూరంగా, ఎవరూ ఏమీ నేర్పకుండా ఇద్దరు పెరిగి ప్రేమించుకుంటే ఆ ప్రేమలో పాపము ఉండదు అనే తలంపును ఇంత సూటిగా చెప్పిన గ్రంథము మరొకటి అరుదు. ఏదెను తోటను గూర్చి మన వేదికలపై వినిపించే ప్రసంగాలలో ఇదే తలంపు మరొక వేషములో తిరుగుతున్నదని నా అభిప్రాయము.

కథ క్లుప్తంగా ఇది. డిక్, ఎమ్మెలిన్ చిన్నపిల్లలు. వారు ప్రయాణిస్తున్న ఓడకు పసిఫిక్ మహాసముద్రములో నిప్పంటుకొంటుంది. పాడీ బటన్ అనే ముసలి నావికునితో కలిసి ఒక చిన్న పడవలో తప్పించుకొని నిర్జన ద్వీపానికి చేరుతారు. కొంతకాలానికి పాడీ మద్యము త్రాగి చనిపోతాడు. పిల్లలిద్దరే మిగులుతారు. ఏండ్లు గడుస్తాయి, యౌవనము వస్తుంది, తమకు ఏమి జరుగుతున్నదో తెలియకుండానే భార్యాభర్తలవుతారు, బిడ్డ పుడతాడు.

వారిద్దరూ ఏకమయ్యే చోటును రచయిత జాగ్రత్తగా ఎన్నుకొన్నాడు. అక్కడ ఒక పెద్ద రాతి విగ్రహమున్నది. దానిని పూజించినవారు ఎప్పుడో అంతరించిపోయారు. విందు లేదు, అతిథులు లేరు, చచ్చిపోయిన మతము నీడలో ప్రకృతి జరిపించిన పెండ్లి అది అని, అందులో దోషము గాని పాపము గాని లేదని కథకుడు తానే తీర్పు చెబుతాడు. ఈ తీర్పు దగ్గర చదువరి ఒక్క క్షణము ఆగాలి. పాపము లేదని అంటున్నది ఎవరు? ఆ పిల్లలు కాదు. పాపమనే మాట వారికి పట్టింపే లేదు. ఆ మాట అంటున్నది ఇంగ్లండు పాఠకులకు కథ చెబుతున్న వ్యక్తి. సమాజము లేని చోట కూడా సమాజపు న్యాయాధిపతి ఒకడు చెట్టు చాటున నిలబడి “వీరు నిర్దోషులు” అని ప్రకటిస్తున్నాడు. నిజంగా సమాజము లేకపోతే ఆ ప్రకటనకు అవసరమేమి?

ఇంకొక సంగతి తెలుగు చదువరికి వెంటనే తగులుతుంది. డిక్, ఎమ్మెలిన్‌లు దాయాదుల బిడ్డలు. ఇద్దరి ఇంటిపేరూ లెస్ట్రేంజే. మన వరసలలో వారు అన్నాచెల్లెళ్లు. మేనరికమైతే సంతోషంగా ఒప్పుకొనే మన పెద్దలు ఈ పెండ్లి మాట వింటే చెవులు మూసుకొంటారు. ఆంగ్ల రచయితకు మాత్రము ఇది అసలు ప్రశ్నగానే తోచలేదు. ప్రకృతి జరిపించిన పెండ్లి అని ఆయన అన్నాడు గాని, ఆ ప్రకృతికి వరసలు నేర్పినది ఆయన పుట్టిన సమాజమే. మన ప్రాంతములో ఈ నవల పుట్టి ఉంటే ఎమ్మెలిన్ తప్పకుండా మేనమామ కూతురయ్యేది!

ద్వీపము కూడా అనుకొన్నంత ఖాళీగా లేదు. పిల్లలకు భాష ఉన్నది. పాడీ నేర్పిన పనులున్నవి, అతడు చెప్పిన ఐర్లండు దేశపు కథలున్నవి. తింటే మరి లేవనివ్వని విషపు కాయలను గూర్చి అతడు చేసిన హెచ్చరిక ఉన్నది. పుట్టిన మగబిడ్డకు వారు పెట్టిన పేరు హన్నా. ఎందుకంటే పూర్వము వారెరిగిన ఒక శిశువు పేరు అది. అది ఆడపేరని కూడా వారికి తోచదు. మనకిది నవ్వు పుట్టించవచ్చును, కాని గమనించండి: మనుషులకు అంత దూరములో, కన్నబిడ్డకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు, వారు వెనుకటి సమాజపు జ్ఞాపకాన్నే వెదకికొన్నారు.

నవలలో అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ బిడ్డ పుట్టుక. ఒకరోజు ఎమ్మెలిన్ కనబడకుండా పోతుంది. డిక్ అడవి అంతా వెదకుతాడు. తరువాత ఆమె ఒక పసికందుతో తిరిగి వస్తుంది. ఒంట్లో బాగులేక అడవిలోకి వెళ్లి కూర్చున్నానని, ఆ తరువాత ఏమీ గుర్తులేదని, మెలకువ వచ్చేసరికి బిడ్డ ప్రక్కన ఉన్నాడని చెబుతుంది. అంతే. స్టాక్‌పూల్ వైద్యము చదివినవాడు, ఓడలలో వైద్యునిగా పనిచేసినవాడు. తొలికాన్పు ఎలాంటిదో ఆయనకు తెలియదని అనుకోలేము. తెలిసి ఉండి కూడా నొప్పులను, రక్తాన్ని, భయాన్ని నిద్రలో దాచిపెట్టాడు. ఆదాము గాఢనిద్రలో ఉన్నప్పుడు హవ్వ నిర్మింపబడినట్లు (ఆది 2:21), ఇక్కడ ఎమ్మెలిన్ నిద్రలో ఉండగా బిడ్డ వచ్చాడు. ఆదికాండము 3:16 లోని ప్రసవవేదన ఈ తోటలో లేదన్నమాట. రచయితకు ఏదెను కావాలి. ఏదెను నిలబడాలంటే స్త్రీ వేదన కనబడకూడదు. ఆ ఖర్చంతా ఎమ్మెలిన్ ఖాతాలో పడింది, కాని పద్దు వ్రాయలేదు.

పరిశుద్ధ గ్రంథము ఈ విషయములో ఎంత వేరుగా మాటలాడుతున్నదో చూడండి. హవ్వ తన తొలి కుమారుని కన్నప్పుడు యెహోవా సహాయాన్ని ఒప్పుకొన్నది (ఆది 4:1). రాహేలు కాన్పు కష్టమైనప్పుడు మంత్రసాని ఆమెకు ధైర్యము చెప్పింది (ఆది 35:17). నిర్గమకాండములో ఫరో పేరు వ్రాయబడలేదు గాని, షిఫ్రా, పూయా అనే మంత్రసానుల పేర్లు వ్రాయబడినవి (నిర్గమ 1:15). ప్రసవించే స్త్రీని అడవిలో ఒంటరిగా విడిచి దానిని నిర్దోషత్వమని పిలవడము ఈ గ్రంథానికి తెలియదు.

స్టాక్‌పూల్‌కు నూట ఇరవై ఏండ్ల ముందే ఫ్రాన్సులో ఇలాంటి కథ ఒకటి వచ్చింది. 1788లో బెర్నార్డిన్ డి సాంపియెర్ వ్రాసిన ‘పాల్ ఏ వర్జినీ’. మారిషస్ ద్వీపములో ఇద్దరు తల్లుల పెంపకములో ఒక బాలుడు, ఒక బాలిక పెరిగి ప్రేమించుకొంటారు. బంధువుల ఒత్తిడిపై వర్జినీ ఫ్రాన్సుకు వెళ్లవలసి వస్తుంది. తిరిగి వస్తుండగా తీరము దగ్గరే ఓడ మునుగుతుంది. బట్టలు విడిస్తే బ్రదకవచ్చునని నావికుడు బ్రతిమాలినా సిగ్గుచేత ఆమె ఒప్పుకోక చనిపోతుంది. సమాజము నేర్పిన సిగ్గు వర్జినీని ముంచింది. ఎవరూ ఏమీ నేర్పనందున ఎమ్మెలిన్ తన దేహములో జరుగుతున్నదేమో కూడా ఎరుగలేదు. ఈ రెండు నవలలను ప్రక్కప్రక్కన పెట్టి చదివితే లాభమున్నది. మరొక్క మాట. పాల్, వర్జినీల ఆ పవిత్రమైన ఏకాంతములో పొలము దున్నినది డొమింగ్, వంట చేసినది మరీ. వారిద్దరూ బానిసలు. బానిసల చెమటపై నిలిచిన తోటను లోకానికి దూరమైన తోట అని ఎలా అనగలము?

అజ్ఞానమును పవిత్రత అనుకొనే పొరపాటు పాశ్చాత్యులది మాత్రమే కాదు. మన అరణ్యపర్వములో విభాండకుడు తన కుమారుని స్త్రీ అనే జాతి ఉన్నదనే ఎరుక లేకుండా అడవిలో పెంచాడు. చివరకు ఋష్యశృంగుడు తన ఆశ్రమానికి వచ్చిన వేశ్యను చూచి ఎవరో ముని అనుకొన్నాడు. తండ్రి కట్టిన కంచె అతనిని కాపాడలేదు, మోసపోవడానికి సిద్ధపరచింది.

ఇప్పుడు ఆదికాండము రెండవ అధ్యాయానికి వద్దాము. రెండవ శతాబ్దపు సంఘపితరుడు ఐరేనియస్ ఆదాము హవ్వలను పెద్దవారిగా గాక పిల్లలుగా ఊహించాడు. వారు క్రొత్తగా సృజింపబడినవారు, బిడ్డలను కనడమంటే ఏమిటో ఇంకా ఎరుగనివారు, మొదట ఎదగవలసినవారు అని అతడు వ్రాశాడు. పైకి ఇది స్టాక్‌పూల్ కథలాగే ఉన్నది. కాని ఐరేనియస్ దృష్టిలో బాల్యము గమ్యము కాదు, ఆరంభము. ఎదుగుదల దేవుని ఉద్దేశములోనే ఉన్నది. స్టాక్‌పూల్ తన పిల్లలను దేహములో ఎదగనిచ్చాడు గాని జ్ఞానములో ఎదగనివ్వలేదు.

వాక్యభాగాన్ని నిదానంగా చదివితే అందులో ఏకాంతానికి మెప్పు లేదని తెలుస్తుంది. ఆ కథలో మొట్టమొదట మంచిది కాదని చెప్పబడినది ఒంటరితనమే (2:18). 24వ వచనము మరీ ఆశ్చర్యకరము. ఆదాముకు తండ్రి లేడు, హవ్వకు తల్లి లేదు. అయినా పురుషుడు తన తలిదండ్రులను విడుచుటను గూర్చి అక్కడ చెప్పబడింది. విడిచిపెట్టాలంటే ముందు ఉండాలి కదా! ఇద్దరే ఉన్న తోటలోనికి గ్రంథకర్త రాబోయే కుటుంబాలన్నిటిని తీసుకొని వచ్చాడు. ‘లోకములో తొలి ప్రేమకథ, వారిద్దరే, మధ్యలో ఎవరూ లేరు’ అని వివాహ ప్రసంగాలలో చెప్పేవారు ఈ వచనము చదువుతారు గాని దాని బరువు తూచరు. 25వ వచనములో దిగంబరత్వానికి వాడిన హెబ్రీ పదము, తరువాతి వచనములో సర్పము యుక్తికి వాడిన పదము వినడానికి దాదాపు ఒకటే. సిగ్గెరుగని స్థితికి, మోసపోయే స్థితికి ఎంత దగ్గరో ఆ మాటల పొందికే హెచ్చరిస్తున్నది.

తోటలోని ప్రేమకు లేఖనాలలో అసలైన గ్రంథము పరమగీతము. అక్కడ ప్రేమికులు ఎన్నడూ ఒంటరిగా లేరు. యెరూషలేము కుమార్తెలున్నారు, తల్లి ఇల్లున్నది (3:4), కోపపడిన సహోదరులున్నారు (1:6). పట్టణపు కావలివారు ఆమెను కొట్టి గాయపరచినారు (5:7). సమాజము అంతా మంచిదని ఆ గ్రంథము చెప్పదు; గాయాలను దాచదు. అయినా ఆ యువతి తన కోరికను తానే పేరుపెట్టి పలుకుతుంది, తోటి స్త్రీలతో చెప్పుకొంటుంది. ఎమ్మెలిన్‌కు అలాంటి మాట ఒక్కటీ ఇవ్వబడలేదు.

ఇది సాహిత్య చర్చతో ముగిసే సంగతి కాదని కాపరులకు తెలుసు. మన సంఘాలలో యౌవనస్థులకు దేహమును గూర్చి, ప్రేమను గూర్చి చెప్పేది చాలా తక్కువ. తెలియకపోతే చెడిపోరని పెద్దల ధీమా. పెండ్లికి ముందు ఇచ్చే ఉపదేశములో కూడా లోబడుటను గూర్చి చెబుతారు, గర్భమును గూర్చి చెప్పరు. సంఘము నిండా మనుషులుండగానే ఆ పిల్ల ద్వీపములో పెరుగుతున్నది. ఆమెతో మాటలాడవలసినది కాపరి ఒక్కడే కానక్కరలేదు. కాన్పులు చేసిన నర్సులు, బిడ్డలను కన్న తల్లులు ప్రతి సంఘములోను ఉన్నారు. వారికి బోధించే స్థలము ఇచ్చినామా అన్నదే ప్రశ్న. ఎన్నో సెమినరీలలో ఈ అంశము కాపరి పరిచర్య పాఠములో ఒక గంటకు మించదు.

నవల చివర డిక్ తండ్రి ఎక్కిన ఓడ, సముద్రములో కొట్టుకొనిపోతున్న చిన్న పడవను కనుగొంటుంది. అందులో ఇద్దరూ, బిడ్డా పడి ఉన్నారు. ప్రక్కన విషపు కాయల కొమ్మ. చనిపోయారా అని తండ్రి అడిగితే నిద్రపోతున్నారని జవాబు వస్తుంది. ఇక్కడ కూడా నిద్రే. 1923లో రచయిత కథను కొనసాగించి, ఆ తలిదండ్రులు చనిపోయారని, బిడ్డ బ్రదికాడని తేల్చాడు. ఆ బిడ్డను తాత, ఒక నావికుడు కలిసి అదే ద్వీపములో పెంచుతారు. ఈసారి స్టాక్‌పూల్ పసివానిని ఒంటరిగా వదలలేదు. ఆ రెండవ గ్రంథానికి ఆయన పెట్టిన పేరు ‘దేవుని తోట’.