ముఖం లేని పేరు, పేరు లేని ముఖం: బ్లాక్‌హాక్ కామిక్స్ – హైదరాబాద్ స్క్వాడ్రన్లు

వ్యాస సంగ్రహం:
1941లో అమెరికాలో మొదలైన బ్లాక్‌హాక్ కామిక్స్ ఒక బహుళజాతి వైమానిక దళం సాహసాలను చిత్రించాయి. అదే యుద్ధకాలంలో బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో హైదరాబాద్ పేరు ధరించిన స్క్వాడ్రన్లు పనిచేశాయి. కల్పిత దళంలో ఆసియా వ్యక్తికీ, వాస్తవ దళంలో హైదరాబాద్‌కూ దక్కిన స్థానాలను పోల్చి, వీరత్వ చిత్రణలో గౌరవం ఎలా పంపిణీ అయిందో ఈ వ్యాసం విశ్లేషిస్తుంది.

కీలక పదాలు: కామిక్స్, బ్లాక్‌హాక్, హైదరాబాద్ స్క్వాడ్రన్, ప్రాతినిధ్యం, వీరగాథ, మెట్టుగూడ.

1. ఉపోద్ఘాతం:
వీరగాథలో యుద్ధవర్ణన ఎంత ముఖ్యమో, వీరుల పంక్తిలో ఎవరు కూర్చుంటారన్నదీ అంతే ముఖ్యం. పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుని చాపకూడు కేవలం భోజన సన్నివేశం కాదు. కులభేదం లేకుండా కలిసి తిన్నవారే రణరంగంలో కలిసి నిలుస్తారన్న సామాజిక ప్రతిపాదన అది. కన్నమదాసు ఆ పంక్తిలో వడ్డించేవాడు కాదు. యుద్ధంలో సేనను నడిపిన వీరుడు. ఎవరు వండుతారు, ఎవరు తింటారు, ఎవరు ఆయుధం పడతారు అన్న ఈ కొలమానం ఇరవయ్యో శతాబ్దపు బొమ్మల వీరగాథకూ వర్తిస్తుంది.

2. బ్లాక్‌హాక్ దళం – వంటవాని స్థానం:
క్వాలిటీ కామిక్స్ సంస్థ 1941 ఆగస్టు తేదీతో వెలువరించిన ‘మిలిటరీ కామిక్స్’ తొలి సంచికలో బ్లాక్‌హాక్ అవతరించాడు. ఈ సృష్టిలో విల్ ఐస్నర్, చక్ క్విడెరా, బాబ్ పవెల్‌ల పాత్ర ఉంది. అనంతరం రీడ్ క్రాండల్ చిత్రణ ఈ దళానికి విశేష ఆదరణ తెచ్చింది. 1939లో పోలండ్‌పై జరిగిన నాజీ దాడి కథకు ప్రాతిపదిక. ఏ దేశ సైన్యానికీ చెందని ఈ దళం, నల్లని యూనిఫాం ధరించి, ఒక రహస్య ద్వీపం నుండి ఎగిరి వచ్చి నిరంకుశత్వంతో పోరాడుతుంది. ఆంద్రె, ఓలాఫ్, హెండ్రిక్సన్, స్టానిస్లాస్ వంటి ఐరోపా వాసులు, అమెరికన్ అయిన చక్ ఇందులో సభ్యులు. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగని రోజులలో ఇలాంటి సమష్టి నాయకత్వాన్ని ఊహించడం ఈ కామిక్స్ సాధించిన విశేషం.

అయితే 1941 అక్టోబరు నాటి మూడవ సంచికలో చేరిన చైనా పాత్ర ఈ ఆదర్శాన్ని ప్రశ్నార్థకం చేస్తుంది. అతని పేరు ‘చాప్-చాప్’. త్వరగా కానివ్వమని పురమాయించే పిజిన్ ఇంగ్లీషు మాట అది. అంటే ఒక ఆజ్ఞే అతనికి పేరయింది. నాయకుడైన బ్లాక్‌హాక్‌కూ సొంత పేరు చెప్పలేదు గదా అనవచ్చు. కానీ నాయకుని అజ్ఞాతం అతని ఔన్నత్యాన్ని పెంచుతుంది, వంటవాని అజ్ఞాతం అతని వ్యక్తిత్వాన్ని తొలగిస్తుంది. తక్కినవారిని వాస్తవిక దేహనిర్మాణంతో గీసిన చిత్రకారులు ఇతనిని పొట్టిగా, లావుగా, ముందుకు పొడుచుకొచ్చిన పళ్ళతో, పిలకజుట్టుతో గీశారు. అతని చేతిలో ఉన్నది మాంసం నరికే కత్తి. యూనిఫాం లేదు, సొంత విమానమూ లేదు. సాధారణంగా బ్లాక్‌హాక్ విమానంలోనే ప్రయాణిస్తాడు.

ఆనాటి అభిరుచి అది అని సరిపెట్టడం చారిత్రకంగా చాలదు. చైనా అమెరికాకు మిత్రదేశమై, 1943లో చైనీయుల వలసపై నిషేధ చట్టం రద్దయిన తరువాత కూడా ఈ రూపం కొనసాగింది. 1956లో క్వాలిటీ సంస్థ ప్రచురణ ఆపివేయగా, 1957 నుండి డీసీ సంస్థ దీనిని చేపట్టింది. 1982లో మార్క్ ఎవానియర్, డాన్ స్పీగల్‌ల పునరుద్ధరణలో ఈ పాత్ర గౌరవప్రదమైన రూపాన్ని పొందింది. 1988 నాటి హోవర్డ్ చేకిన్ రచన, దాని అనంతర కథలలో అతడు ‘వెంగ్ చాన్’ అయ్యాడు. అతని పేరు కోసం పాఠకులు దశాబ్దాలు నిరీక్షించవలసి వచ్చింది.

3. హైదరాబాద్ స్క్వాడ్రన్లు – తల లేని తలపాగా:
కల్పనలో ఆసియాకు దేహం దక్కి పేరు దక్కలేదు. వాస్తవంలో హైదరాబాద్‌కు పేరు దక్కి దేహం దక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన కానుకతో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఎ బాంబర్లు సమకూరాయి. అది ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అయింది. 1918 సెప్టెంబరు నుండి జర్మనీపై దాడులు చేసి తీవ్ర నష్టాలను చవిచూసింది. ఆ విమానాలలో ఒకటైన ఎఫ్ 1010 అదే ఏడాది అక్టోబరు 5న శత్రువుల చేత చిక్కి, బెర్లిన్‌లో ప్రదర్శనవస్తువై, పిమ్మట పోలండ్‌లోని క్రాకోకు చేరింది. 1977లో బ్రిటన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియానికి తిరిగివచ్చిన ఆ విమానంపై నిజాం కానుక అన్న ప్రస్తావన, ‘హైదరాబాద్ 12ఎ’ అన్న సంఖ్య కనిపిస్తాయి.

రెండవ ప్రపంచ యుద్ధంలో 152, 253వ స్క్వాడ్రన్లు హైదరాబాద్ పేరును ధరించాయి. స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ 1940 నాటి బ్రిటన్ వైమానిక సమరంలో పాల్గొన్నది. దాని చిహ్నం నిజాం తలపాగా. నినాదం ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’. ఈ చిహ్నాన్ని ఒక చిత్రపాఠంగా చదవాలి. అందులో తలపాగా ఉంది, దాని కింద తల లేదు. ఈ దళాలను నడిపినవారు ప్రధానంగా బ్రిటన్, డొమినియన్ల పైలట్లు. విమానాల మూల్యం సంస్థాన ఖజానా నుండి వచ్చినా, నిజాం స్వంత ఎస్టేటయిన సర్ఫెఖాస్ నుండి వచ్చినా, దానికి మూలం శిస్తు కట్టిన ప్రజలే. వారి ప్రస్తావన విమానంపై గానీ చిహ్నంలో గానీ లేదు.

4. మెట్టుగూడ నుండి పఠనం:
ఈ రెండు పాఠాలను సికింద్రాబాద్‌లోని మెట్టుగూడ వంటి చోటు నుండి చదివితే మరొక లోపం బయటపడుతుంది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల ప్రాంతం. నిజాం రైల్వేల కాలంలో 1893లో నెలకొన్న లాలాగూడ వర్క్‌షాప్ దానికి చేరువలోనే ఉంది. యంత్రాన్ని నడిపేవారితో పాటు దానిని విప్పి, బాగుచేసి, తిరిగి నిలబెట్టేవారి జీవితం ఇక్కడి అనుభవం. పైలట్ గాథల దృష్టి కాక్‌పిట్ దగ్గరే ఆగిపోతుంది. వండేవాడు హాస్యపాత్ర అవుతాడు. బిగించేవాడు నేపథ్యంలో కలిసిపోతాడు. వెల చెల్లించినవాడు కథలోకే రాడు. ఆకాశంలో కనిపించే సమానత్వానికి నేల మీది శ్రేణీకరణే ఆధారమన్న సత్యం కార్మికవాడ నుండి చూసే పాఠకునికి సుస్పష్టం.

5. ముగింపు:
బ్లాక్‌హాక్ కామిక్స్‌ను కేవలం జాతివివక్షకు నిదర్శనంగా తోసిపుచ్చడం సరికాదు. ఫాసిజాన్ని ఎదిరించే అంతర్జాతీయ మైత్రిని అవి బాలపాఠకులకు అందించాయి. అయితే ఆ మైత్రి అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టలేకపోయింది. పాత్రకు తరువాతి కాలంలో పేరు, యూనిఫాం ఇచ్చి కామిక్స్ తమ పాఠాన్ని సవరించుకోగలిగాయి. మ్యూజియంలోని విమానంపై ఉన్న రాతను అలా సవరించడం సాధ్యం కాదు. సాధ్యమయ్యేది దానిని మరోవిధంగా చదవడమే. ఆ కానుక వెనుక ఉన్న శిస్తుదారులను, కార్మికులను ఆ పఠనంలోకి తీసుకురావడం తెలుగు విమర్శ స్వీకరించవలసిన బాధ్యత.