కంటిమట్టపు గీత

వీథిని చిత్రించుట నేర్వదలచినవానికి సాధారణముగా మొదట ఉపదేశింపబడునది, దూరముగా పోవు సమాంతర గీతలన్నియు ఒకచోట కలియునను సూత్రము. దానిననుసరించి విద్యార్థి స్కేలు పట్టుకొని, కాగితము నడుమ వానిషింగ్ పాయింటను చుక్క పెట్టి, దానినుండి నలువైపులకు గీతలు లాగి, వానిమధ్య మనుష్యసంచారము లేని ఇండ్లను పెట్టెలుగా పేర్చుచుండును. సూత్రము సత్యమే. కాని తల నెరసిన పిమ్మట ఈ విద్యకు చేయి అలవరచుకొనుచున్న నాకు, వీథి మొట్టమొదట లొంగినది ఆ చుక్కకు కాదు; కాగితముమీద అడ్డముగా గీసిన కంటిమట్టపు గీతకు.

ఈ అభ్యాసమునకు హైదరాబాదు పాతబస్తీలో పత్తర్‌గట్టీనుండి చార్మినారువైపు సాగు వీథివంటిది నాకింకొకటి దొరకలేదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినారునుండి నాలుగు దిక్కులకు నాలుగు వీథులు తిన్నగా బయలుదేరును. ఉత్తరపు వీథిలో గుల్జార్ హౌజను నీటితొట్టి చుట్టును నాలుగు కమానులు నిలిచియున్నవి. వానికి ఆవల, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏడవ నిజాము కాలమున నిర్మించిన రాతి దుకాణముల వరుస ఒకే తీరు కమానులతో సాగును. కొలత సమానముగా నుండుటయే క్రొత్తవానికి పెన్నిధి. ఏలయన, సమానములైనవి దూరమునుబట్టి ఎట్లు తగ్గుచు పోవునో అచ్చట కన్నులార చూడవచ్చును.

ఒక దుకాణము మెట్టు ప్రక్కన నిలుచుండి, చేయి చాచి, పెన్సిలును సరిగా కన్నుల యెత్తున అడ్డముగా పట్టి, జనసమ్మర్దమువైపు చూడుడు. ముత్యాలదండను వెలుతురుకు పట్టి చూచుకొనుచున్న గృహిణి, ఆమెకు కొంత ఆవల అత్తరుసీసా మూత తీసి వాసన చూచుచున్న పెద్దమనిషి, ఆ నాలుగు కమానులలో ఒకటైన మచిలీ కమాను క్రింద పోవుచున్న బాటసారి, చార్మినారు పాదమున చుక్కంతగా కనబడు మరియొకడు, వీరందరు ఇంచుమించు మీ పొడవువారే యైనచో, వీరి శిరస్సులన్నియు ఆ పెన్సిలుమీదనే వరుసగా నిలుచును; పాదములు మాత్రము మనిషి దూరమైనకొలది పైకి లేచుచుండును. ఇప్పుడు అదే మెట్టుమీద కూర్చుండుడు. గీత మీతోపాటు క్రిందికి దిగును. కూర్చున్న మీ కన్ను నిలుచున్నవారి నడుము మట్టమునకు వచ్చినదనుకొందము: ఆ గీత ముత్యాల దుకాణమువద్దనున్న ఆమెను నడుమువద్దనే ఖండించును, చార్మినారు పాదమునున్న వానినిగూడ నడుమువద్దనే ఖండించును. ఇంత సులభమైన నియమముచేత ఇంతటి జనసముద్రము కుదురుకొనుట చూచినప్పుడెల్ల నాకు కలుగు ఆనందము చెప్పనలవి కాదు.

పదునైదవ శతాబ్దారంభమున ఫ్లారెన్సు నగరమందు బ్రూనెల్లెస్కియను వాస్తుశిల్పి అచ్చటి బాప్తిస్మ మందిరమును పలకమీద చిత్రించి, ఆ పలకకు రంధ్రము చేసి, వెనుకనుండి దానిలో కన్నుంచి, ఎదుట పట్టిన అద్దములో చిత్రమును చూచునట్లు ఏర్పరచిన కథను, దూరమును చిత్రమున చూపు విద్యయైన పర్‌స్పెక్టివ్‌ను గూర్చి వ్రాయువారందరు చెప్పుదురు. నాకు అంతకంటె ప్రియమైనది, 1435లో ఆల్బెర్టియను పండితుడు చిత్రకళపై రచించిన గ్రంథమందలి ఒక చిన్న పరిశీలన. దేవాలయములలో తిరుగాడు మనుష్యుల తలలు దాదాపు ఒకే యెత్తున కదలుచుండుననియు, దూరమునున్నవారి పాదములు దగ్గరివారి మోకాళ్ల మట్టమునకు రావచ్చుననియు ఆయన కనిపెట్టెను. చిత్రములోని నేలను గళ్లుగా విభజించుటకు సైతము ఆయన మనుష్యుని పొడవునే ప్రమాణముగా గైకొనెను. అట్టి శాస్త్రమును మనుష్యులు లేని పెట్టెలతో ఆరంభించి నేర్పుట నాకు సమ్మతము కాదు. మొదట నలుగురిని నిలబెట్టి, పిమ్మట వారి చుట్టును ఊరిని కట్టవలెను.

మనుష్యులు నిలిచిన తరువాత కమానులు నిలుపుట సుకరమగును. మొదటి రెండు స్తంభములను కంటితో కొలిచి గీసి, మొదటిదాని శిరస్సునుండి రెండవదాని నడిమి బిందువుమీదుగా గీత లాగినచో, అది స్తంభముల పాదములను కలుపు గీతను తాకినచోట మూడవ స్తంభము వచ్చును. కమాను శిఖరమును నిర్ణయించుట ఇంకను సూక్ష్మమైన పని. రెండు స్తంభముల నడుమ మూలనుండి మూలకు గీతలు గీయగా, అవి ఖండించుకొనుచోటు కాగితముమీది కొలతకు సరిగా నడుమ పడక, ఆవలి స్తంభమువైపు రవంత జరిగియుండును; శిఖరము దానికి నిట్టనిలువుగా పైన నుండవలెను. ఆ రవంత జరుగుబాటు లేని కమాను, గోడలో కలియక, గోడకు అతికించిన కాగితపు బొమ్మయై కనబడును. తోపుడు బండ్ల సంగతి వేరు. అవి వీథికి ఏటవాలుగా నిలిచియుండుటచేత, వాని అంచులు కమానుల గీతలు పోయిన బిందువునకు పోవు. ఒక్కొక్క బండికి వేరు బిందువులు. ఐనను బండి బల్ల మట్టముగానున్నంతవరకు ఆ బిందువులు సైతము కంటిమట్టపు గీతమీదనే ఉండును, అవి కాగితము దాటి ఎంత దూరము పోయినను సరే.

మన పూర్వచిత్రకారులు ఈ గీతను పట్టుకొని చిత్రింపలేదు. దీనినిబట్టి వారు చూచుట ఎరుగరని తలచుట అవివేకము. విష్ణుధర్మోత్తర పురాణమందలి చిత్రసూత్రము దేహము తిరుగు తొమ్మిది స్థానములను, తిరిగినకొలది అవయవములు తగ్గుచు పెరుగుచు కనబడు క్షయవృద్ధులను వివరించుచున్నది. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రముల క్రింద తల యెత్తి నిలిచినవానికి, అచ్చటి మూర్తుల పరిమాణము దూరమునుబట్టి గాక ప్రాధాన్యమునుబట్టి ఏర్పడినదని తెలియును. ఆ చిత్రములను నడచుచు చూడవలెను. వానికి చిత్రకారుడు నిలుచున్న చోటుతో పని లేదు. నా స్కెచ్‌బుక్కులోని వీథిని చూచినవాడో, నేను నిలుచుంటినో కూర్చుంటినో, వీథికి ఏ వైపున చేరియుంటినో ఇట్టే చెప్పగలడు. రెండు మార్గములును పూజ్యములే. ఐనను ఆ జనములో నేనును ఒకడనై యుంటినని కాగితముమీద నిలుచు ఈ రెండవ మార్గమునకు నా మనస్సు కట్టుబడినది.

ఇక నేర్వవలసినవి ఏటవాలు వీథులు. విశాఖపట్నమున సముద్రమువైపు దిగిపోవు త్రోవలలో, వేరుగా వెదకుకొన నక్కర లేకుండ, కంటిమట్టపు గీత జలరేఖయై ఎదుటనే కనబడును; మిట్ట ఎక్కినచో అది మనతోపాటు ఎక్కును. త్రోవకు ఎదురుగా నిలిచినచో, ఇండ్ల కిటికీల అంచులు, మట్టముగా కట్టినవి గనుక, ఆ జలరేఖమీదికే పోయి కలియును. దిగు త్రోవ అంచులు మాత్రము దానికి క్రిందుగా కలియును. ఎంత క్రిందుగా ననునది వాలునుబట్టి యుండును. దానిని అచ్చటికి పోయి, పెన్సిలు చాచి, కొలిచి చూడవలసియున్నది.